కుడివైపు తిప్పితే ‘తక్’

మొన్న ఆదివారం అటక సర్దుతుంటే ఒక రబ్బరు గొట్టం ముక్క దొరికింది. రెండు మూరలుంటుంది, చివర్లు ఎండి బిరుసెక్కాయి. మా ఆవిడ "పాత గ్యాస్ గొట్టమా, పారేయనా?" అనేసరికి గబుక్కున లాక్కున్నాను. అది మా పెదనాన్న స్టెతస్కోపు. దాంతో ఆయన చూసింది మనుషుల్ని కాదు, కారుని. ఆ కారు గురించి రాస్తానని పదేళ్ళుగా అందరికీ చెప్తూనే ఉన్నాను, గొట్టం దొరికింది కాబట్టి ఇవాళ కూర్చున్నాను.

1984లో పెదనాన్న కువైట్ ఉద్యోగం చాలించుకుని వెస్ట్ మారేడ్‌పల్లి ఇంటికి తిరిగొచ్చాడు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు టేప్ రికార్డర్లు, సెంటు సీసాలు, పిల్లలకి వాచీలు తెచ్చే రోజులవి. ఈయన ఓడలో కారు తెచ్చాడు. 1971 మోడల్ డాట్సన్ 240జెడ్, నారింజ రంగు, రెండే సీట్లు. కస్టమ్స్‌కి ఎంత కట్టాడో పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మ మాత్రం ఎవరడిగినా "ఆ డబ్బుతో సైనిక్‌పురిలో రెండు ప్లాట్లు వచ్చేవి" అని లెక్క చెప్పేది, ఇప్పటికీ చెప్తుంది. బొంబాయి నుంచి షోలాపూర్ మీదుగా ఆయనే నడుపుకుంటూ వచ్చాడు. నేనప్పుడు మూడో క్లాసు. వీధి చివర ఆ మోత వినపడగానే బ్యాటు వదిలేసి పరిగెత్తడం గుర్తుంది, బ్యాటు మళ్ళీ దొరక్కపోవడం కూడా గుర్తుంది.

కువైట్ బండి కాబట్టి స్టీరింగ్ ఎడమవైపు. మన రోడ్ల మీద లారీ వెనక ఇరుక్కుంటే ఎదురుగా ఏమొస్తోందో నడిపేవాడికి కనపడదు. కుడి సీట్లో ఉన్న పెద్దమ్మ తల బయటపెట్టి చూసి "పోవచ్చు" అంటేనే ఆయన గేరు మార్చాలి. ఆవిడేమో మహా భయస్తురాలు, ఎక్కడో చుక్కంత బస్సు కనపడినా "వద్దండీ వద్దండీ" అనేది. గంటకి 200 కిలోమీటర్ల దాకా పోగల కారు, భువనగిరి రోడ్డులో గడ్డి ట్రాక్టర్ వెనక అరగంట నడిచేది. అప్పుడు పెదనాన్న మొహం చూడాలి.

ఆయనకి ఆ కారు చరిత్రంతా కంఠతా వచ్చు. 1969లో జపాన్‌లో దాన్ని బయటపెట్టినప్పుడు దాని పేరు ఫెయిర్‌లేడీ జెడ్. డాట్సన్ కార్లు చేసే నిస్సాన్ కంపెనీకి అమెరికాలో వ్యవహారాలు చూసే యుటాకా కటయామా అనే పెద్దమనిషి, స్పోర్ట్స్ కారుకి ఆ పేరేమిటని 240జెడ్ అనే పేరు పట్టుబట్టి పెట్టించాడు. (ఆయన 105 ఏళ్ళు బతికి 2015లో పోయాడు. పెదనాన్న ఉండుంటే తద్దినం పెట్టేవాడేమో.) 240 అంటే 2.4 లీటర్ల ఇంజన్, సరిగ్గా చెప్పాలంటే 2393 సీసీ, వరసగా ఆరు సిలిండర్లు. మా వీధిలో డాక్టరుగారి అంబాసిడర్‌ది 1489 సీసీ, దానికి మా బండి కంటే బరువు ఎక్కువ. కానీ చరిత్రలో ఆయనకి అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఒకటుంది. ఆఫ్రికాలో సఫారీ ర్యాలీ అని వేల కిలోమీటర్ల మట్టిరోడ్ల పందెం, దాన్ని ఈ కారు 1971లో ఒకసారి, 1973లో ఇంకోసారి గెలిచింది. రెండోసారి నడిపినవాడు శేఖర్ మెహతా. ఉగాండాలో పుట్టాడు, కెన్యా తరఫున నడిపాడు, పేరు చూస్తేనే తెలుస్తోందిగా మనవాళ్ళ మూలాలే. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ చేతికిచ్చి "మన మెహతా" అని మొదలుపెట్టేవాడు, గుజరాతీ కుటుంబం మారేడ్‌పల్లి వాళ్ళయినట్టు.

సరే, గొట్టం సంగతి. ఆ కారుకి గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి అందించే కార్బురేటర్లు రెండు. ఒకటి ముందు మూడు సిలిండర్లకి, ఇంకోటి వెనక మూడింటికి. రెండూ సమానంగా గాలి పీల్చాలి, లేకపోతే ఐడిల్‌లో, అంటే ఎక్సలేటర్ తొక్కకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు, బండి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. వచ్చిన ఏడాదికే వణుకు మొదలైంది. పెదనాన్న సివిల్ ఇంజనీరు, పుస్తకం చూసి స్క్రూలు తిప్పాడు, ఇంకా పాడైంది. సిటీలో పెద్ద పెద్ద షెడ్లు రెండు మూడు తిరిగాడు, బానెట్ ఎత్తి చూసి అందరూ నమస్కారం పెట్టారు. చివరికి చాదర్‌ఘాట్ వైపు ఒక చిన్న షెడ్డులో అంబాసిడర్ టాక్సీలు చేసే ఒక ముసలాయన దగ్గరికి ఎవరో పంపారు. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. ఆయన అసలు ఇంజన్ వైపు కూడా చూడలేదట, కార్బురేటర్ల నెత్తిమీదున్న ఆ గుండ్రటి డోములు చూసి నవ్వి "యే తో అపనా ఎస్‌యూ హై, సాబ్" అన్నాడట. నిజమే. పాత అంబాసిడర్లకుండే ఎస్‌యూ కార్బురేటరు, డాట్సన్‌కుండే హిటాచీ కార్బురేటరు ఒకే తల్లి పిల్లలు. ఇంగ్లండులో పుట్టిన డిజైను ఒకటి ఇటు కలకత్తా పక్కకి, ఇంకోటి అటు జపాన్‌కి పోయి, రెండూ చాదర్‌ఘాట్‌లో కలుసుకున్నాయి.

ఆయనే ప్రతి నెలా ఒక శుక్రవారం నమాజు అయ్యాక మా ఇంటికొచ్చి పోర్టికోలో కూర్చుని నేర్పాడు. ఎయిర్ ఫిల్టరు డబ్బా తీసి, గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస ముందు కార్బురేటరు నోటి దగ్గర. ‘స్‌స్‌స్’ అని వినపడుతుంది. తర్వాత వెనకదాని దగ్గర, సరిగ్గా అదే చోట. రెండు బుసలూ ఒకే శ్రుతిలో ఉండేదాకా స్క్రూ తిప్పడం. ఆ తర్వాత పెట్రోలు పాళ్ళు. డోము కింద పిస్టన్‌ని చిన్న పిన్నుతో గోరు మందం పైకెత్తాలి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ, ఒక్కసారి పెరిగి మళ్ళీ మామూలైతే సరిపోయినట్టు. మీటర్లు లేవు, కంప్యూటరు లేదు. పెదనాన్న పుస్తకంలోనూ ఇదే ఉందట, కానీ ఉస్తాద్ చెప్పేదాకా ఆయనకి అర్థం కాలేదట. నాకు పన్నెండేళ్ళు వచ్చేసరికి గొట్టం నా చెవికీ వచ్చింది. పెదనాన్నకంటే నా చెవులే బాగా పట్టేవి, ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు, ఒకే ఒక్కసారి.

హైదరాబాద్ ఎండకి మాత్రం మందు లేదు. ఆ ఇంజన్లో పెట్రోలు లోపలికెళ్ళే గొట్టాలు, పొగ బయటికొచ్చే గొట్టాలు ఒకే వైపు ఉంటాయి. అంటే కార్బురేటర్లు సరిగ్గా కుంపటి మీద కూర్చున్నట్టు. నడుస్తున్నంతసేపూ గాలి తగిలి బాగానే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర నాలుగు నిమిషాలు ఆగిందా, పెట్రోలు పైపులోనే మరిగి ఆవిరైపోతుంది, బండి చస్తుంది. అప్పుడు నేను దిగి, సీటు వెనక సీసాలో నీళ్ళు గుడ్డ మీద పోసి, ఆ గుడ్డ పెట్రోలు పైపుకి చుట్టాలి. వెనక ఆటోల హారన్లు, పక్కన సిటీ బస్సు కిటికీల్లోంచి ఉచిత సలహాలు. ఒకాయన "రేడియేటర్‌లో నిమ్మకాయ పిండండి" అన్నాడు. ఎందుకో ఇప్పటికీ తెలీదు. తర్వాత్తర్వాత కార్బురేటర్ల కింద అల్యూమినియం రేకు అడ్డం పెట్టాం, పైపుకి ఆస్బెస్టాస్ తాడు చుట్టాం, కొంత నయం. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలిసొస్తోంది, అది పాత రబ్బరు పైపుల్ని మెత్తబరిచేస్తోంది. ఇథనాల్‌కి తట్టుకునే రకం పైపులు మార్చుకున్నాను. తడిగుడ్డ మాత్రం ఇంకా సీటు వెనకే ఉంటుంది.

ఇక అసలు తలనొప్పి. కుడివైపు తిప్పినప్పుడల్లా వెనకనుంచి ‘తక్’ మని ఒక చప్పుడు. ఒక్కసారే. ఎడమవైపు తిప్పితే ఏమీ లేదు. గుంతల్లో లేదు, బ్రేకు వేస్తే లేదు. పోనీ ప్రతి కుడి మలుపుకీ వచ్చిందా అంటే అదీ లేదు, మెల్లగా తిప్పితే రాదు. స్టీరింగ్ ఎడమవైపు కాబట్టి సరిగ్గా పెదనాన్న వీపు వెనకే. ఎవరో భుజం తట్టినట్టు ఉంటుందనేవాడు.

ఈ కార్లకి వెనక నుంచి చప్పుడు రావడం ప్రపంచమంతా తెలిసిన విషయమే, కారణాల జాబితా కూడా పెద్దదే. పెదనాన్న ఆ జాబితా పట్టుకుని 1995 నుంచి ఒక్కోటీ కొట్టేసుకుంటూ పోయాడు. మొదట వెనక చక్రాలకి పోయే షాఫ్టుల క్రాసులు, అంటే వాటి కీళ్ళు. రాణిగంజ్ అంతా తిరిగి, పుత్లీబౌలిలో పాత స్పేర్‌పార్టుల కొట్లన్నీ గాలించి, వెర్నియర్ కొలతలతో మూడు రకాలు కొంటే ఒకటి సరిపోయింది. చప్పుడు పోలేదు. తర్వాత హౌసింగ్, అంటే వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా, దాని ముందు భాగాన్ని పట్టుకునే రబ్బరు. అది చిరిగితే ఎక్సలేటర్ తొక్కినప్పుడు హౌసింగ్ ముక్కు పైకిలేచి బాడీకి కొట్టుకుంటుంది. విప్పి చూస్తే నిజంగానే చిరిగుంది! ఆ రోజు ఇంట్లో పాయసం చేయించాడు. కొత్త రబ్బరు పోయించి బిగించి బయల్దేరితే మొదటి కుడి మలుపులోనే ‘తక్’. పాయసం చల్లారకముందే.

ఆ తర్వాత హౌసింగ్ వెనకవైపుని మోసే వంపు తిరిగిన పట్టీ. దాని ఆకారం వల్ల ఇంగ్లీషులోనే మీసం అని పిలుస్తారు, ఉస్తాద్ దగ్గర కుర్రాళ్ళు "మీసాల రాడ్డు" అనేవాళ్ళు. దాని బుష్‌లు బాలానగర్‌లో ఒక లేత్ మిషను దగ్గర నైలాన్ కడ్డీతో చేయించాం. బండి గట్టిపడింది, చప్పుడు అలాగే ఉంది, పైగా నైలాన్ బుష్‌ల వల్ల ఇంకా స్పష్టంగా వినపడేది.

చివరికి మిగిలింది స్పిండిల్ పిన్నులు. ఈ పేరు వింటే 240జెడ్ ఉన్నవాడు ఎవడైనా కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. వెనక చక్రం మోసే భాగం కింద, జానెడున్నర పొడవు ఉక్కు కడ్డీ ఒకటి బుష్‌ల గుండా దూరి ఉంటుంది, మధ్యలో ఒక చిన్న లాక్ పిన్ను. పాతికేళ్ళ నీళ్ళూ మట్టీ పోయి ఆ కడ్డీ లోపల తుప్పుతో వెల్డింగ్ అయినట్టు అతుక్కుపోతుంది. వారం రోజులు రోజూ పొద్దున్నా సాయంత్రం కిరసనాయిలూ బ్రేక్ ఆయిలూ పోశాం. సమ్మెట దెబ్బకి మర చచ్చింది కానీ కడ్డీ కదల్లేదు. గ్యాస్‌తో కాలిస్తే బుష్ రబ్బరు అంటుకుని వీధంతా కంపు. పక్కింటాయన వచ్చి "ఎవరైనా పోయారా?" అని అడిగాడు, అంత కంపు. ఉస్తాద్ వచ్చి చూసి "సబర్, బేటా" అన్నాడు, అన్నాడే కానీ ఆయన కూడా రెండ్రోజుల తర్వాత సబర్ వదిలేశాడు. మొత్తం ఊడదీసి ఆటో ట్రాలీలో వేసుకుని బాలానగర్‌లో హైడ్రాలిక్ ప్రెస్ కింద పెట్టిస్తే, తుపాకీ పేలినట్టు ఢామ్మని ఒక శబ్దం చేసి కదిలింది. ఎడమది అయ్యాక కుడిది. రెండో దానికి ఎవరికీ ఓపిక లేదు, కానీ చేశాం. మొత్తం నెలన్నర.

బయటికి తీశాం. సంగీత్ చౌరస్తా దగ్గర కుడికి తిప్పాం. ‘తక్’.

పెదనాన్న ఏమీ అనలేదు. ఇంటికొచ్చి పనిముట్లు ఒక్కోటీ తుడిచి సంచీలో పెడుతూ లెక్కపెట్టాడు, చివర్లో ఎప్పటిలాగే నా వైపు చూసి "ఒకటి తక్కువ" అన్నాడు.

దానికో కథ ఉంది, ముందే చెప్పాల్సింది. ఆ కారుతో పాటు వచ్చిన పానాల సంచీ ఒకటుండేది. చాప చుట్ట చుట్టినట్టు చుడతారే, అలాంటిది, ఒక్కో పానాకి ఒక్కో అర. అన్నిటి మీదా పెదనాన్న పసుపు పెయింటు చుక్క పెట్టాడు, ఎవరైనా అరువు తీసుకుపోతే గుర్తుపట్టడానికి. అందులో 14-17 పానా ఉండేది, ఒక కొస పద్నాలుగు, ఇంకో కొస పదిహేడు. మన దగ్గర సెట్టు కొంటే 14-15 వస్తుంది, 16-17 వస్తుంది, 14-17 జోడీ జపాన్ వాళ్ళ అలవాటు. ఈ ఇంజన్‌కి ట్యాపెట్ సెట్టింగ్ చెయ్యాలంటే సరిగ్గా ఆ రెండు నంబర్లే కావాలి. పదిహేడుతో లాక్ నట్టు వదులు చేసి, పద్నాలుగుతో కింద పివట్ తిప్పి, మధ్యలో ఫీలర్ గేజ్ రేకు దూర్చి చూడాలి. గాలి వాల్వుకి 0.25 మిల్లీమీటర్లు, పొగ వాల్వుకి 0.30, అదీ ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు. పన్నెండు వాల్వులు. వేళ్ళు కాలుతుంటే పెద్దమ్మ గిన్నెలో వెన్న పట్టుకుని నిలబడేది.

1994 వేసవిలో ఆ పని అయ్యాక, ఇంజన్ మోత ఎలా ఉందో చూద్దామని బయల్దేరాం. కుడి సీట్లో పెద్దమ్మ, సికింద్రాబాద్ గణపతి గుడికి దింపాలి. నేను వెనక సామాన్ల జాగాలో పానాల సంచీ ఒళ్ళో పెట్టుకుని. కుర్రాడినిగా, సంచీకి తాడు కట్టలేదు. మలుపులో అది జారి పానాలన్నీ చెల్లాచెదురయ్యాయి, ఏరి పెట్టాను. ఇంటికొచ్చి లెక్కపెడితే 14-17 లేదు. చాపలు ఎత్తాం, స్టెప్నీ తీసి చూశాం, ఎక్కడా లేదు. "ఇంజన్ మీద వదిలేసి బానెట్ వేశావు, రోడ్డు మీద పడిపోయింది" అని తీర్పిచ్చాడు. ఇద్దరం ఇంటి నుంచి గుడి దాకా తలలు వంచుకుని నడిచాం, మధ్యాహ్నం ఎండలో. ఎవరో చిల్లర పారేసుకున్నారేమో అని ఒక ముసలావిడ కూడా మాతో కొంత దూరం వెతికింది. పెదనాన్న నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడాడు కానీ ప్రతి పని చివరా ఆ రెండు మాటలూ అనకుండా మాత్రం సంచీ చుట్టలేదు. ఒకటి తక్కువ. నేను ఇంజనీరింగ్ పాసయిన రోజు కూడా అన్నాడు.

ఉద్యోగం వచ్చి చేతిలో నాలుగు డబ్బులు ఆడాక నాకు మోడిఫికేషన్ల పిచ్చి పట్టుకుంది. 2003 నుంచి 2006 దాకా. కొన్నింటికి ఇప్పటికీ సిగ్గుపడను. ఆ కారులో హెడ్‌లైట్ల కరెంటు మొత్తం స్టీరింగ్ పక్కనున్న స్విచ్చి గుండానే పోతుంది, స్విచ్చి కాలిపోవడం మామూలు. రెండు రిలేలు పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగాను, లైట్లు రెట్టింపు వెలిగాయి, పెదనాన్న కూడా రాత్రిపూట బయటికి తీయడం మొదలెట్టాడు. వైపర్లు వర్షంలో బద్ధకంగా కదిలేవి, వేరే కారు మోటరు తగిలించాను. ప్లగ్గులకి నిప్పురవ్వ అందించే పాత పాయింట్లు తీసేసి అదే కంపెనీ తర్వాతి మోడల్ 280జెడ్‌ఎక్స్‌కి వచ్చిన ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ పెట్టాను. దాంతో ఆర్‌పీఎం ముల్లు చచ్చిపోయింది, ఎందుకంటే ఆ మీటరు కాయిల్‌కి పోయే కరెంటుని చూసి లెక్కపెడుతుంది, నేను తెలివిగా ఆ తీగే కత్తిరించాను. మళ్ళీ అతకడానికి రెండు ఆదివారాలు.

సిగ్గుపడేది మూడు కార్బురేటర్ల గురించి. అమెరికాలో ఉన్న మా కజిన్‌తో మూడు వెబర్ 40 సైజువి సూట్‌కేసులో తెప్పించాను. ఒక్కోదానికి రెండు గొంతులు, మొత్తం ఆరు, సిలిండరుకొకటి. ఫొటోల్లో చూసి ప్రేమించాను, అదే తప్పు. వాటికి సరైన జెట్లు, అంటే పెట్రోలు కొలిచి వదిలే చిన్న బెజ్జాల ముక్కలు, వెతుక్కుని మార్చుకోవాలి, నా దగ్గర వాటితో వచ్చినవి తప్ప ఇంకో సెట్టు లేదు. తొక్కితే శబ్దం మాత్రం, అబ్బో, నెక్లెస్ రోడ్డు మీద జనం తిరిగి చూసేవాళ్ళు. కానీ ఐడిల్‌లో నల్లపొగ, ప్లగ్గులు మసి, లీటరుకి ఐదు కిలోమీటర్లు. పెదనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. నేను విప్పి మూల పడేసిన పాత రెండు కార్బురేటర్లని తీసి, కడిగి, నూనె రాసి, ఈనాడు పేపర్లో చుట్టి, పెద్దమ్మ పట్టుచీరల బీరువాలో పెట్టాడు. పట్టుచీరల్లో! ఆవిడ చూసి చేసిన గొడవ మా ఇంటి చరిత్రలో వేరే అధ్యాయం.

వెబర్లతో కూడా ‘తక్’ ఉంది. అంత మోతలోనూ వినపడేది.

2011లో ఆయన పోయాడు. కారు కవరు కింద ఉండిపోయింది. నెలకోసారి స్టార్ట్ చేసేవాణ్ణి, తర్వాత మూణ్ణెల్లకోసారి. మధ్యలో డాట్సన్ పేరుతో చిన్న కారొకటి మన మార్కెట్లోకి వచ్చింది, అప్పటి నుంచి పెట్రోలు బంకులో ప్రతివాడూ "అన్నా, ఇది డాట్సన్ గో పాత మోడలా?" అనడం మొదలెట్టారు. మొదట్లో కటయామా నుంచి మెహతా దాకా చెప్పేవాణ్ణి. తర్వాత "ఆఁ, అదే" అనేసేవాణ్ణి.

2019లో కవరు తీస్తే ఎడమ తలుపు వెనక, చక్రం ముందు ఉండే ఆ మూలలో పెయింటు బుడగలు. ఈ కార్లకి తుప్పు ముందు వచ్చే చోట్లలో అదొకటి. హైదరాబాద్ గాలి పొడిది కాబట్టి ఇక్కడ పట్టింది తక్కువ, కువైట్ సముద్రం గాలి నుంచి తెచ్చుకున్నదే మెల్లగా తినేసింది. డెంటింగ్ చేసే మేస్త్రి ఒకాయన్ని ఇంటికే పిలిపించాను, బయట షెడ్డులో వదలడం నాకిష్టం లేదు. రేకు కోసి కొత్తది అతకాలంటే లోపల వెల్డింగ్ నిప్పురవ్వలు పడతాయి, కాబట్టి ముందు సీటు వెనక ఉండే ప్లాస్టిక్ పలకలు తియ్యాలన్నాడు. ఆ పలకలు మేము ఎప్పుడూ విప్పలేదు. ఎండకి ఎండి అప్పడాల్లా అయ్యాయి, ముట్టుకుంటే విరుగుతాయని పెదనాన్న మమ్మల్ని, ఉస్తాద్‌ని, ఎవర్నీ వాటి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. హౌసింగ్ దింపాం, స్పిండిల్ పిన్నులు ప్రెస్సు కింద పెట్టాం కానీ ఆ నాలుగు స్క్రూలు విప్పలేదు.

మేస్త్రి విప్పాడు. ఒక పలక విరిగింది, పెదనాన్న చెప్పింది కరెక్టే. లోపల చెయ్యి పెట్టి తడిమి, "సార్, ఇదేంటో చూడండి" అని బయటికి తీశాడు. చక్రం గూటి మీద జనపనార పట్టా ఒకటుంటుంది, దానికీ బయటి రేకుకీ మధ్య సందులో ఉందట. ఒక కొస 14, ఇంకో కొస 17. దుమ్ము తుడిస్తే పసుపు చుక్క. కుడికి తిప్పితే అది ఎడమకి జారి రేకుకి కొట్టుకుంటుంది, ఎడమకి తిప్పితే మెత్తగా పట్టా మీదికి వచ్చి పడుకుంటుంది. నేను అక్కడే పోర్టికో మెట్టు మీద కూర్చుండిపోయాను. మేస్త్రికి ఏం చెప్పాలో తెలీక "పాతది, పోయిందనుకున్నాం" అన్నాను. ఆయన "మంచి ఉక్కు సార్" అని మళ్ళీ పనిలో పడ్డాడు.

పెయింటు అయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ లోపల బీరువాలోంచి ఈనాడు పొట్లం తీశాను. రబ్బరు సీళ్ళు మార్చి, డోముల్లో 20 నంబరు నూనె పోసి, పాత రెండు కార్బురేటర్లూ తిరిగి బిగించాను. ఈ గొట్టం అప్పుడు ఎంత వెతికినా కనపడలేదు, మా అబ్బాయి చేపల తొట్టి గొట్టంతో వినాల్సి వచ్చింది. నా చెవులు కూడా మునుపటిలా లేవు, ఒక గంట పని ఒక పూట పట్టింది. రిలేలు, వైపర్ మోటరు, ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ ఉంచేశాను. 2021లో యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి వింటేజ్ రిజిస్ట్రేషన్ అని కేంద్రం తెచ్చినప్పుడు మిత్రులు చేయించుకోమన్నారు. దానికి బండి అసలు రూపంలో ఉండాలి, పైగా రోజువారీ తిప్పడానికి వీల్లేదు. తిప్పకపోతే ఇంక కారెందుకు అని ఊరుకున్నాను.

పెయింటు ఆరాక మొదటిసారి బయటికి తీసింది 2020 జనవరిలో, ఒక మంగళవారం. పెద్దమ్మకి ఎనభై దాటాయి. ఆ సీట్లో కూర్చోబెట్టడానికి నేనూ మా ఆవిడా ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది, నేలకి అంత కిందికి ఉంటుంది సీటు. గణపతి గుడికే. పానా నా చొక్కా జేబులో ఉంది, ఇంకా ఎవరికీ చెప్పలేదు, గుడి దగ్గర ఆవిడ చేతిలో పెడదామనుకున్నాను. దారంతా ఆవిడ పాత అలవాటు కొద్దీ తల కొంచెం బయటపెట్టి ఎదురు చూస్తూనే ఉంది, ఆటో వచ్చినా "వద్దురా వద్దురా" అంటూ. సంగీత్ దగ్గర సిగ్నల్ పచ్చ పడింది. కొంచెం వేగంగానే, కావాలనే, కుడికి తిప్పాను.

ఏ చప్పుడూ లేదు. నాలుగడుగులు పోయామో లేదో పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆగు, పక్కకి ఆపు. తక్ అనలేదు. ఏదో ఊడిపోయినట్టుంది, దిగి చూడు."